శేషయ్య కమాను

ఆళ్లగడ్డ శేషయ్యకు ఒకటే కోరిక: తన పేరు రాతిమీద ఉండాలి. ముప్పై ఎకరాల జొన్నచేలున్నా, పెళ్లిపత్రికల్లో తప్ప ఆ పేరు ఎక్కడా అచ్చు కాలేదు. 1978లో నంద్యాలలో పెట్టిన పర్యాటకాభివృద్ధి కమిటీలో చోటు దొరికేసరికి మనిషి నేలమీద నిలవలేదు. యాత్రికులు పెరిగితే ఊళ్లో వ్యాపారాలు పుంజుకుంటాయని అక్కడెవరో చెబితే, ఆ సంగతి తానే కనిపెట్టినట్టు ఊరంతా చెప్పుకు తిరిగాడు.

అహోబిలం బస్సు కోసం జనం రోడ్డు పక్కన ఎండలో మాడేవాళ్లు. అక్కడ టీ అంగడి నడిపే సలోమి ఒకరోజు ఆయన్ని ఆపి అడిగింది.

"అన్నా, ముసలోళ్లు నేలమీద కూలబడతాండారు. కూచునేదానికి ఒక బండేయించు, పైన ఇంత పందిరేయించు. జనం ఆడ నిలబడితేనే కదా మాకు బేరం."

"నీకేం తెలుసుమ్మే! టూరిస్టుకు ముందు కంటికి ఇంపుండాల" అన్నాడు శేషయ్య.

ఆ ఇంపు కోసం కమిటీకి వచ్చిన నిధులన్నీ పోసి రోడ్డుకు అడ్డంగా కమాను కట్టించాడు. కమాను నడుమ కిందికి దిగేలా బిగించిన నల్లబండ, దానిమీద ఉబ్బెత్తుగా చెక్కిన తన పేరు. ఇంకాస్త ఎత్తు లేపుదామని మేస్త్రీ అంటే ఒప్పుకోలేదు. అంత పైనుంటే పేరెవరు చదువుతారని ఆయన బాధ. బస్సు దూరితే చాలన్నాడు.

శేషయ్య పుట్టి పెరిగింది ఆళ్లగడ్డలోనే. అహోబిలం స్వామి ఏటా తన పెళ్లికి జనాన్ని పిలవడానికి పల్లకిలో ఊరూరా తిరుగుతాడనీ, ఆ దారినే వస్తాడనీ తెలుసు. పల్లకి మీద పట్టే గొడుగు ఎంత పొడుగో చిన్నప్పటినుంచీ చూస్తున్నాడు. అయినా బుర్రకు తట్టలేదు. అందులో తన పేరు తప్ప ఇంకేదీ పట్టదు మరి.

ఆ ఏడు పల్లకి కమాను ముందు ఆగిపోయింది. గొడుగు కాస్త వంచమన్నాడు శేషయ్య.

"స్వామి గొడుగు నీకు వంగాల్నా?" అన్నాడు పల్లకి మోసే రంగయ్య. "నీ రాయే దించుప్పా."

జనం పగలబడి నవ్వారు. గడ్డపారలు వచ్చాయి. బండ దిగేదాకా శేషయ్య తలెత్తలేదు.

కొన్నాళ్లు ఆ దారిన రావడమే మానేశాడు. వచ్చిన రోజు చూస్తే, సలోమి అంగడి ముందు తన బండే రెండు రాళ్లమీద పరిచి ఉంది. నలుగురు యాత్రికులు దానిమీద కూర్చుని టీ తాగుతున్నారు. పేరున్న వైపు కిందికి ఉంది.

శేషయ్య గబగబా అంగడి దగ్గరికి వెళ్లాడు.

"ఏందిమ్మే ఇది? పేరు పైకి పెట్టకూడదా?"

సలోమి గ్లాసులు కడుగుతూనే చెప్పింది.

"పెట్టి చూసినామన్నా. కూచునేటోళ్లకు గుచ్చుకుంటాంది."