నీళ్ళలో మనిషి, ఫోన్‌లో టిక్కు

అది 2023, దీపావళి వెళ్ళిన వారం. ముత్తుకూరు దాటి సముద్రం వైపు పోతే ఉప్పు కాలవ పక్కన వరసగా రొయ్యల గుంటలు ఉంటాయి. అందులో ఒక చెరువుల బారుకి నేను ఎలక్ట్రీషియన్ని. చదువు ఏడో తరగతితో సరి. ఎనిమిదిలో కరెంటు పాఠం ఉంటుందట. అది చదివినవాళ్ళు ధైర్యంగా తీగ ముట్టుకుంటారు. నేను చదవలేదు కాబట్టి టెస్టర్ పెట్టి చూసి గానీ ముట్టుకోను. ఇంకా మీకు కథలు చెప్పగలుగుతున్నానంటే కారణం అదే.

గుంటల సంగతి తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. రొయ్య నీళ్ళలో ఉంటుంది గానీ దానికీ గాలి కావాలి. నీళ్ళలో కరిగిన ఆ గాలి లెక్కను డీఓ అంటారు. మనకు బీపీ ఎట్లాగో గుంటకు డీఓ అట్లాగ. అది పడిపోకుండా నీళ్ళ మీద తేలుతూ రెక్కలతో నీళ్ళు చిలికే యంత్రం ఏరియేటర్. మబ్బు పట్టి గాలి ఆడని రోజున అది ఆగిపోతే రొయ్యలు అంచులకు వచ్చి, మీసాలు బయటపెట్టి తేలతాయి. అప్పుడు రైతు ముఖం చూడకూడదు.

అంతకుముందు మా దగ్గర గుంటకొక నోటుపుస్తకం ఉండేది. మేత ఎంత వేశాం, డీఓ ఎంతుంది, ఏ మోటారు కాలింది, అన్నీ అందులోనే. మేత నూనె, చేతి తడి, వాన జల్లు కలిసి నెల తిరిగేసరికి ఆ పుస్తకం పులుసులో పడ్డ అప్పడంలా అయిపోయేది. సూపర్‌వైజర్ శ్రావణి వచ్చాక వాటన్నిటికీ సెలవిచ్చింది. ఆ అమ్మాయి చేపల చదువు చదివింది. అందరి ఫోన్లలో ఒక నోట్స్ యాప్ వేయించి, గుంటకొక పేజీ తెరిచింది. ఎవరు ఏం రాసినా మిగతావాళ్ళ ఫోన్లలో కనిపిస్తుంది.

"నాకు ఒత్తులు రావమ్మా, నన్ను వదిలెయ్," అన్నాను.

"నువ్వు రాయబల్లేదన్నా, మాట్లాడు. అదే రాసుకుంటాది," అంది.

నిజమే. నేను మాట్లాడితే అది రాసుకునేది. మా ఇంట్లో కూడా నా మాట అంత శ్రద్ధగా విన్నవాళ్ళు లేరు. కాలిపోయిన వైండింగ్‌కు ఫోటో తీసి పెట్టేవాణ్ణి. ఏ మోటారు బేరింగ్ ఎప్పుడు మార్చానో పేరు కొడితే వచ్చేసేది. ఆ యాప్ మంచిదే. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. అందుకే ఆ రోజు సంగతి చెప్పాలనిపించింది.

పాత ప్యానెల్ బోర్డులో ఫీజు కట్టలు, అంటే చేత్తో పీకే ఫ్యూజులు, ఉండేవి. ఏరియేటర్ బాగుచేయడానికి నీళ్ళలో దిగేవాడు దాని ఫీజు పీకి నిక్కరు జేబులో వేసుకుని దిగేవాడు. ఇక ఎవడు స్విచ్ నొక్కినా కరెంటు రాదు. ఆ సంవత్సరమే కొత్త ప్యానెల్ వచ్చింది. అందులో ఎంసీబీలు. అంటే పైకి ఎత్తి కిందకి దించే చిన్న మీటలు, పీకడానికి ఏమీ ఉండదు. దానికి బదులుగా శ్రావణి యాప్‌లో ఇంకో పేజీ పెట్టింది. పేరు 'నీళ్ళలో మనిషి'. దిగేవాడు ఏ గుంటలో దిగుతున్నాడో అందులో రాయాలి. పైకి వచ్చాక టిక్కు కొట్టాలి. టిక్కు లేకపోతే ఆ గుంట మీట ఎవరూ ఎత్తకూడదు. మరిచిపోకుండా దిగినవాడి ఫోన్ మధ్యమధ్యలో గంట కొట్టి గుర్తుచేస్తుంది కూడా. ఇంతకన్నా జాగ్రత్త ఏం కావాలి అనుకున్నాం.

ఆ రోజు పొద్దుటినుంచీ మబ్బు. సన్నగా తుంపర. ఆకు కదలడం లేదు. పది దాటాక కరెంటు పోయింది. నేను షెడ్డులో జనరేటర్‌తో కుస్తీ పడుతున్నాను. డీజిల్ పైపులో గాలి చేరి ఎంతకీ అందుకోలేదు. ఎట్టకేలకు అందుకుంది. ఒక్కో గుంట మీటా ఎత్తుకుంటూ వచ్చాను. మూడో గుంట మీట దగ్గర ఆగి ఫోన్ చూశాను. 'మూడో గుంట, మూల ఏరియేటర్, మస్తాన్' అని రాసి ఉంది. పక్కన టిక్కు కూడా పడి ఉంది.

మస్తాన్ మా మెకానిక్. నాకన్నా చిన్నవాడు, నోరు మాత్రం నాకన్నా పెద్దది.

చెయ్యి మీట మీదికి పోయింది. అక్కడే ఆగిపోయింది. ఏదో ఒకటి తక్కువైనట్టు అనిపించింది. అప్పుడు తట్టింది. మస్తాన్ షెడ్డుకు రాలేదు.

ఏరియేటర్ బాగుచేసినవాడు ఎవడైనా సరే, నేరుగా షెడ్డుకు వచ్చి "వెయ్యన్నా, చూద్దాం" అంటాడు. తన చేత్తో బిగించిన రెక్క తిరుగుతుంటే ఒక నిమిషం చూసి, బీడీ వెలిగించి గానీ పోడు. పెళ్ళిచూపులకైనా మానుతాడేమో గానీ ఆ చూపు మానడు.

"శ్రావణమ్మా, మస్తాన్ యాడ?" అని షెడ్డులోనే ఉన్న శ్రావణిని అడిగాను.

"పని అయిపోయిందిగా, టిక్కు కొట్టినాడు," అని ఫోన్ నా వైపు తిప్పింది. చూపించాక తనకే ఏదో తోచినట్టుంది, వెంటనే అతనికి ఫోన్ కలిపింది. మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు. మళ్ళీ కలిపింది. మళ్ళీ అంతే.

అప్పుడే పెంచలయ్యన్న మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. గుంటలు లీజుకు తీసుకున్న రైతు ఆయన. అంతకుముందు పంట తెల్లమచ్చ తెగులుకు పోయింది. మూడో గుంట ఇంకో వారంలో పట్టుబడికి, అంటే రొయ్యలు పట్టి అమ్మడానికి, సిద్ధంగా ఉంది. ఇది కూడా పోతే లీజు వదిలేసి కూలికి పోతానని ముందురోజే నాతో అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ అందులో నవ్వు లేదు.

"మూడో గుంట తేలిపోతుండాదయ్యా! అంచులంతా మీసాలే! ఇంకా వెయ్యలేదే?"

"మస్తాన్ కనపళ్ళేదన్నా. నీళ్ళలో ఉండాడేమోనని..."

"ఏం నీళ్ళు! ఇప్పుడు ఆ కట్ట మీంచే గదా వస్తుండా. మనిషి కాదు, కొంగ కూడా లేదు ఆడ. వెయ్యి!"

ఫోన్ లేడంటోంది. రైతు కళ్ళారా చూసి లేడంటున్నాడు. ఉన్నాడనడానికి నా దగ్గరున్నదల్లా ఒకటే. వాడు బీడీ కాల్చుకోవడానికి రాలేదు. ఇది చెప్పి ఒక రైతును ఆపగలమా?

నేనే పరిగెత్తి చూసొద్దామని ఒక అడుగు వేశాను. పెంచలయ్యన్న కళ్ళు మీట మీద ఉన్నాయి. వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాను. నేను అక్కడినుంచి కదిలితే ఆ మీట లేస్తుంది. నేను చెప్పకుండానే శ్రావణికి అర్థమైంది. చెప్పులు అక్కడే వదిలేసి, చున్నీ నడుముకు చుట్టుకుని కట్ట మీదికి పరుగెత్తింది.

మూడో గుంట అన్నిటికన్నా చివర, కాలవ వైపు. కట్ట ఒండ్రు మట్టి. ఎండలో రాయి, వానలో వెన్న. తుంపరలో ఆ అమ్మాయి చిన్నదైపోతూ కనిపించింది. ఒకసారి జారి పడింది, లేచింది. తరవాత కొంగలు వాలకుండా గుంటల మీద కట్టిన వలల వెనక కనబడకుండా పోయింది.

షెడ్డులో ఇద్దరం మిగిలాం. జనరేటర్ మోత. పెంచలయ్యన్న నా ముందుకు వచ్చాడు.

"జరుగు."

"శ్రావణి రానీ అన్నా."

"ఆ పిల్ల పోయి వచ్చేలోపల గుంటంతా చచ్చి తేల్తాది. నీకేం పొయ్యేది? నెలయితే నీ జీతం నీకొస్తాది. జరుగు!"

నేను జరగలేదు. ఆయన చెయ్యి నా భుజం మీదుగా మీట వైపు సాగింది. ఆ చెయ్యి పట్టుకున్నాను. అన్నం పెట్టే రైతు చెయ్యి అట్లా పట్టుకోవడం అదే మొదలు. ఆయన గుంజుకోలేదు. అట్లాగే నా ముఖంలోకి చూస్తూ, గొంతు తగ్గించి అన్నాడు.

"నా కొంప ముంచొద్దు అబ్బయా. దణ్ణం పెడతా."

అరిచినంతసేపూ ఓర్చుకున్నాను. ఆ దణ్ణం మాటకు మాత్రం నా పట్టు సడలింది. ఒకవేళ మస్తాన్ ఇంటికెళ్ళి హాయిగా అన్నం తింటూ ఉంటే? నా అనుమానం కోసం ఈ మనిషి పంట పోతే? చేయి వదిలేద్దామని ఒక క్షణం అనిపించిన మాట నిజం.

జేబులో ఫోన్ మోగింది. శ్రావణి. స్పీకర్ పెట్టాను.

"ఉండాడన్నా! నీళ్ళలోనే ఉండాడు! వెయ్యొద్దు, వెయ్యొద్దు!"

పెంచలయ్యన్న చెయ్యి వదిలేశాను. ఆయన మెల్లగా వెనక్కి వెళ్ళి మేత బస్తా మీద కూర్చుండిపోయాడు.

తరవాత తెలిసిందేమిటంటే, తెగిన నైలాన్ తాడు ఏరియేటర్ ఇరుసుకు చుట్టుకుపోయింది. మస్తాన్ అవతలి పక్కన భుజాల దాకా నీళ్ళలో వంగి, రెండు చేతులూ రెక్కల మధ్యలో పెట్టి కొడవలితో ఆ తాడు కోస్తున్నాడు. కట్ట మీంచి పోయేవాళ్ళకు యంత్రమే కనబడుతుంది, మనిషి కనబడడు.

"పైకి రమ్మను," అన్నాను.

"వస్తుండాడు. కట్ట ఎక్కినాడు. ఇదుగో మాట్లాడు."

"వెయ్యన్నా," అన్నది అవతలి గొంతు. ఆయాసంతో ఉంది, జనరేటర్ మోతలో సరిగ్గా వినబడలేదు.

"ఎవరు మాట్లాడేది?"

"మీ తాత! మబ్బులో నించి మాట్లాడుతుండా! రొయ్యలు చస్తుండాయి, నువ్వు పేర్లు అడగతావేంది, మొద్దబ్బాయా! వెయ్యి!"

లోకంలో నన్ను అట్లా తిట్టేవాడు ఒక్కడే. మీట ఎత్తాను.

ఆ మూలది తప్ప మిగిలిన ఏరియేటర్లు తిరిగాయి. అప్పటికే కొంత నష్టం జరిగింది. తెల్లారి అంచుల వెంట చచ్చిన రొయ్యలు తేలాయి. మిగతావాటిని నిలబెట్టలేమని, అనుకున్న సైజు రాకుండానే పట్టుబడి పెట్టుకున్నారు. పెంచలయ్యన్నకు అది మంచి పంట కాలేదు. లీజు మాత్రం వదల్లేదు.

కానీ అసలు సంగతి ఆ మధ్యాహ్నమే షెడ్డులో తేలింది. మస్తాన్ తడి బట్టలతో వచ్చి నిలబడ్డాడు. అతని భార్య నూర్జహాన్, మా దగ్గరే చెక్ ట్రేలు, అంటే రొయ్యలు మేత తిన్నాయో లేదో తెలిపే పళ్ళేలు, చూస్తుంది, గొడవ విని వచ్చింది. పెంచలయ్యన్న బస్తా మీంచి లేవకుండానే అడిగాడు.

"టిక్కు ఎవరు కొట్టినారు?"

"నేనే కొట్టుంటానన్నా, తడిచెయ్యి తగిలి," అన్నాడు మస్తాన్ గబుక్కున.

"నువ్వెట్టా కొడతావు? నీ ఫోను కట్ట మీద కవర్లో గదా ఉండింది," అంది నూర్జహాన్. ఏ కల్మషమూ లేకుండా అంది. "నేను అన్నం క్యారేజీ పెట్టను పోయినా గదా. ఫోను ఒకటే గోల చేస్తుండింది. 'దాని నోరు ముయ్యి మే' అన్నావు నువ్వే. పచ్చ బటన్ కనిపిస్తే నొక్కినా. ఊరుకుంది. నేనట్నే ఎగువ గుంటకు..."

మాట సగంలో ఆగింది. మా అందరి ముఖాలూ చూసింది. ఆమె మెల్లగా మస్తాన్ చేతుల వైపు చూసింది. నైలాన్ తాడు ఒరుసుకుని ఎర్రగా ఉన్న ఆ రెండు చేతులనూ పట్టుకుని కిందికి కూలబడింది.

"అక్కా," అంది శ్రావణి పక్కనే కూర్చుని. "ఆ గంట పెట్టింది నేను. ఎవరు పచ్చ బటన్ నొక్కినా టిక్కు పడి ఊరుకునేట్టు పెట్టింది నేను. నువ్వు గోల ఆపినావు, అంతే."

అంతవరకూ నా బుర్రకు అందనిది ఆ మాటతో అందింది. ఫీజు మనిషితో పాటు నీళ్ళలోకి దిగేది. ఫోన్ దిగలేదు. అది కట్ట మీద ఉండిపోయింది, మనిషి తరఫున మాట్లాడే హక్కు మాత్రం దానికి ఇచ్చేశాం. టిక్కు కొట్టింది ఎవరో చూసే కళ్ళు దానికి లేవు.

నోట్స్ యాప్ తీసేయలేదు. తీసేద్దామని పెంచలయ్యన్న అంటే నేనే అడ్డుపడ్డాను. మేత లెక్కలూ, డీఓలూ, కాలిన మోటార్ల జాతకాలూ ఇప్పటికీ అందులోనే ఉన్నాయి. ఆ 'నీళ్ళలో మనిషి' పేజీ కూడా ఉంది, కాకపోతే అది ఇప్పుడు గుర్తు కోసమే. మీటలకు చిన్న తాళాలు పెట్టించాం. తాళంచెవి దిగేవాడి మొలతాడుకు కట్టి ఉంటుంది. గుర్తుచేసే గంట ఇప్పుడు దిగినవాడి ఫోన్‌లో కాదు, నా ఫోన్‌లో మోగుతుంది. తాళం తీశాక కూడా, మీట ఎత్తబోయే ముందు దిగినవాడి గొంతు నా చెవిన పడాలి. "సరే", "వెయ్యి" లాంటి మాటలు చెల్లవు, అవి ఎవరైనా అనొచ్చు. నన్ను తిట్టాలి. ఈ నియమం పెట్టింది నేనే. మావాళ్ళు దీన్ని పాటించినంత శ్రద్ధగా ఇంకే నియమాన్నీ పాటించరు.

నూర్జహాన్ మాత్రం ఇప్పుడు క్యారేజీ తీసుకుని నేరుగా గుంట మీదికి పోదు. ముందు షెడ్డుకు వస్తుంది. "అన్నా, మా ఆయన నీళ్ళలో ఉండాడా, పైన ఉండాడా?" అని అడుగుతుంది. ఎదురుగా ఫోన్‌లో పేజీ తెరిచే ఉంటుంది, ఒక్క చూపుతో చెప్పెయ్యొచ్చు.

"ఉండమ్మా," అంటాను. "తిట్టించుకుని చెప్తా."