మూఢంలో పెట్టిన పరీక్ష

ఆ రోజుల్లో, అంటే సీడీలు వచ్చిన కొత్తలో, అమలాపురంలో పెళ్లికొడుకు కాస్త ఆలస్యమైనా సర్దుకునేవారు గానీ వీడియో ఆలస్యమైతే ఊరుకునేవారు కాదు. నేను మా మేనమామగారి వీడియో మిక్సింగ్ సెంటర్లో పనిచేసేవాణ్ణి. తీసిన పెళ్లిళ్లన్నీ సర్వర్ అనే పెద్ద కంప్యూటర్లో ఉండేవి. బయట హాల్లో ఫ్యాను కింద నాలుగు సిస్టమ్‌ల ముందు కూర్చున్న మేము వాటిని కాపీ చేసుకుని, తలంబ్రాల మీద గులాబీలు రాలుస్తుండేవాళ్లం. సర్వర్ మాత్రం ఏసీ గదిలో ఉండేది. దాని ముందు ఒకే ఒక్క కుర్చీ. మే నెలలో మా కోనసీమ ఉక్కపోత ఎరిగినవాళ్లకి ఆ కుర్చీ విలువ చెప్పక్కర్లేదు. మేనల్లుణ్ణి కాబట్టి అది నాకే వస్తుందని ధీమాగా ఉండేవాణ్ణి.

మలికిపురం నుంచి ఓ కుర్రాడొచ్చి అందులో కూర్చున్నాడు. (పేరు లేక కాదు, కుళ్లు కొద్దీ అతన్ని నేను ‘మలికిపురం’ అనే అనేవాణ్ణి.) వచ్చీ రాగానే సర్వర్లో, హాల్లోకి వెళ్లే వైరు ఇంకోటి తగిలించడానికి, రెండో నెట్‌వర్క్ కార్డు పెట్టి, రెంటినీ కలిపి ఒకే కార్డులా పనిచేయించాడు. “వైర్లు రెండండి, బయటికి పేరొకటేనండి. వచ్చినవాళ్లని చెరో దారినా పంపిస్తదండి” అన్నాడు. మావయ్య మురిసిపోయి, “చూసేవురా అల్లుడూ, బుర్రంటే అదీ!” అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అత్తయ్య పంపే ఆత్రేయపురం పూతరేకులు కూడా ముందు ఏసీ గదిలోకెళ్లి, మిగిలితేనే హాల్లోకి వచ్చేవి.

ఇంతలో మూఢం వచ్చింది. పెళ్లిళ్లు లేవు, పని లేదు, కుళ్లుకోవడానికి బోలెడంత తీరిక. ఓ మధ్యాహ్నం మావయ్యని నా సిస్టమ్ దగ్గర నిలబెట్టి పాత పెళ్లొకటి కాపీ చేశాను. తర్వాత సర్వర్ వెనక రెండో వైరు పీకేసి, అదే పెళ్లి మళ్లీ కాపీ చేశాను. మావయ్య వాచీ చూసుకుని, “ఇప్పుడూ అంతే పట్టిందేంట్రా!” అన్నాడు.

“అదే కదా నేను చెప్పేది. రెండోది ఉత్త అలంకారం మావయ్యా.”

మలికిపురం ఏదో చెప్పబోయాడు. “ఒక్కరే తీసుకుంటే అంతేనండి, అదే నలుగురూ...”

“దండగైందానికి మళ్లీ వివరాలెందుకోయ్, తీసెయ్. ఆ కుర్చీలో మా అల్లుడు కూర్చుంటాళ్లే” అన్నాడు మావయ్య. “ఆయ్, అలాగేనండి” అని అతను కార్డు తీసేసి, హాల్లోకి వచ్చి నా ఫ్యాను కింద కూర్చున్నాడు. నేను ఏసీ గదిలోకెళ్లి తలుపేసుకున్నాను. అంత హాయి నిద్ర మళ్లీ జన్మలో పట్టలేదు.

మూఢం వెళ్లింది. మన పంతుళ్లందరికీ మంచిరోజు ఒకటే కదా, రాజోలు, కొత్తపేట, ఐనవిల్లి పెళ్లిళ్లన్నీ ఒకే పొద్దున వచ్చి పడ్డాయి. నాలుగు సిస్టమ్‌లూ ఒక్కసారే సర్వర్ మీద పడేసరికి ఉన్న ఒక్క వైరు చాలక కాపీలు నత్తనడక పట్టాయి. మా ఒక్కో సిస్టమ్‌కీ ఉన్నది ఒక్క కార్డే కాబట్టి, ఒక్కడు తీసుకుంటే తేడా రాదు. నలుగురూ ఎగబడినప్పుడే రెండోది అక్కరకొస్తుంది. నేను పరీక్ష పెట్టింది పెళ్లిళ్లే లేని మూఢంలో!

“రాత్రి విందులో టీవీ పెట్టి చూపిత్తామని వియ్యాలోరికి చెప్పేసేనండీ! నా పరువేం గానండీ?” అని ఓ పెళ్లికూతురి తండ్రి హాలు దద్దరిల్లేలా అరుస్తున్నాడు. మావయ్య తలుపు తీసి నన్ను చూసిన చూపుకి ఏసీలోనే చెమటలు పట్టాయి.

మలికిపురం కార్డు మళ్లీ బిగించాడు. కాపీలు పరుగెత్తాయి, పెళ్లికూతురి తండ్రి పరువు దక్కింది. నేను తలొంచుకుని హాల్లోకి నడవబోతుంటే అతను చెయ్యి పట్టుకుని ఆపాడు.

“కూర్చోండి అన్నయ్యగారూ. ఈ చల్లగాలి నాకు పడదండి, వచ్చిన కాణ్ణించీ జలుబేనండి. పెద్దాయన కూర్చోమంటే కాదన్లేక కూర్చునేవోణ్ణండి. మీక్కావాలని ఒక్క మాటంటే అప్పుడే ఇచ్చేసేవోణ్ణి కదండీ!”

సంతోషించాలి కదా? నాకు ఇంకా మండింది. నెలల తరబడి నాకు నిద్ర పట్టనివ్వని ఆ కుర్చీ అతనికి వట్టి జలుబు! ఇప్పుడు తల్చుకుంటే ఏసీ గది కోసం అంత కుళ్లుకున్న ఆ కుర్రాణ్ణి చూసి నాకే నవ్వొస్తుంది, అదే నన్ను చూసి. అతని మీద కుళ్లు మాత్రం పూర్తిగా పోలేదండీ. చేతిలో ఉన్నదాన్ని అంత తేలిగ్గా “కూర్చోండి” అని ఇచ్చెయ్యడం, ఇన్నేళ్లొచ్చినా నాకు చేతకాలేదు.