ప్రింటర్‌కు సీటు పట్టని రోజు

ఎనిమిదో తరగతి లెక్కల పరీక్షలో నాకొచ్చిన మార్కులు చూపించడానికి ఒక చెయ్యి చాలు, అందులోనూ రెండు వేళ్లు మిగులుతాయి. అక్కడితో బడి మానేశాను. పంతులు కూడా అడ్డు చెప్పలేదు. అలాంటివాణ్ణి ఇప్పుడు నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల ఆఫీసుల్లో కంప్యూటర్లకు నంబర్లు పంచుతూ బతుకుతున్నాను.

ఒకే రౌటర్ కింద ఉన్న ప్రతి యంత్రానికీ ఒక నంబరు ఉండాలి. దాన్నే ఐపీ అడ్రస్ అంటారు. ఆ నంబరు మనమే చేత్తో ఇవ్వొచ్చు, లేదా రౌటర్‌కు వదిలేయొచ్చు. రౌటర్‌కు వదిలేస్తే అది మన బస్టాండే: కిటికీలోంచి ముందుగా ఎవరి తువ్వాలు పడితే సీటు వాళ్లది. ఫోన్లకైతే ఫరవాలేదు, ఎక్కడ కూర్చున్నా ఊరు చేరతాయి. ప్రింటర్ అలా కాదు. కాగితం పంపే కంప్యూటర్ దాన్ని నంబరు పట్టుకునే వెతుకుతుంది కాబట్టి దాని సీటు మారకూడదు.

ఇదంతా తెలిసీ నాగర్‌కర్నూల్‌లో ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో ప్రింటర్‌కు చేత్తో నంబరిచ్చే పని ఎగ్గొట్టాను. కింద రక్తపరీక్షల గది, పైన డాక్టరు గది, ఆయన పక్కన ప్రింటర్. ఆ రోజు రౌటర్ దానికి చివర ఇరవై ఉన్న నంబరు ఇచ్చింది. కింది కంప్యూటర్‌లో అదే రాసి, పైన ఒక కాగితం వచ్చిందని చూసుకుని, చాయ్ తాగి వెళ్లిపోయాను.

రెండు నెలలు బాగానే నడిచింది. వానాకాలంలో ఒక మధ్యాహ్నం కరెంటు చాలాసేపు పోయి వచ్చింది. రౌటర్ పాత పంపకం మరిచి మళ్లీ మొదటి నుంచి పంచింది. ప్రింటర్ నిద్ర లేచేలోపు వరండాలో ఎవరిదో ఫోన్ ఇరవైలో కూర్చుంది.

అదే పూట పైన బెంచీ మీద ఒక పెద్దాయన పడుకుని ఉన్నాడు. ఐదు రోజుల జ్వరం. నల్లమలలోని ఒక పెంట నుంచి, అంటే పది పదిహేను ఇళ్ల చెంచుగూడెం నుంచి, భార్య తీసుకొచ్చింది. రక్తంలో ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయో తెలిస్తేగానీ ఇక్కడే ఉంచాలో మహబూబ్‌నగర్ పంపాలో డాక్టరు తేల్చలేడు. కింద పరీక్ష చేసే అమ్మాయి లెక్క రాగానే బటన్ నొక్కి ఇంకో సీసా అందుకుంది. పైకి కాగితం రాలేదు. ఎప్పుడో పంపామని కింద, ఇంకా రాలేదని పైన. ఆ ముసలామె మూడుసార్లు మెట్లెక్కి దిగిందట. నాలుగోసారి ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుంది.

"పైనోళ్లు కిందంటరు, కిందోళ్లు పైనంటరు. నువ్వే నడువు బిడ్డా."

ఖాళీ ట్రే చూశాక ఆ అమ్మాయి కిందికి ఉరికి, లెక్కను చేత్తో రాసుకొచ్చింది. అప్పటికి రెండు గంటలు పోయాయి. డాక్టరు అది చూసి వెంటనే అంబులెన్స్‌కు ఫోన్ చేశాడు.

తర్వాత నాకు చేశారు. నేను బిజినేపల్లిలో ఉన్నాను. అలవాటు కొద్దీ, ప్రింటర్ కునుకు తీస్తుందేమో, జర నీళ్లు చల్లి లేపమన్నాను.

"నవ్వులాట కాదన్నా," అంది ఆ అమ్మాయి. "మనిషి పోయేటట్టున్నడు."

చేతిలో పని అక్కడే వదిలేసి నాగర్‌కర్నూల్ బయల్దేరాను.

ప్రింటర్‌కు, పరీక్షల కంప్యూటర్‌కు చేత్తో నంబర్లు ఇచ్చాను. ఆ నంబర్ల జోలికి రాకుండా, రౌటర్ పంచేవి వంద నుంచి మొదలయ్యేలా మార్చాను. పట్టుమని పది నిమిషాల పని కూడా కాదు. పైన ఆ బెంచీ ఖాళీగా ఉంది. దాని వైపు చూడకుండా సామాను సర్దుకున్నాను.

పెద్దాయన బతికాడు. మూడు వారాలకు చూపించుకోవడానికి ఇద్దరూ వచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. తప్పు కరెంటు మీదికి నెట్టేయొచ్చు, అడిగేవాళ్లు లేరు. కానీ ఆమె పక్కన కూర్చుని, నావల్లే ఆలస్యమైందని, నంబరు మారిపోయి కాగితం చేరాల్సిన చోటికి చేరలేదని చెప్పాను. ఆమె చివరిదాకా విన్నది. మొగుడి చేతిలో మాత్రలు పెట్టి, ఆయన మింగేదాకా ఆగి, అప్పుడు నా వైపు తిరిగింది.

"మా పెంటల ఏ ఇంటికీ నంబర్ లేదు బిడ్డా. జరమొచ్చినోని ఇల్లు ఎన్నడన్న తప్పినమా?"