ఊగే గోడ

నా చిన్నప్పుడు మేం దోహాలో, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ దగ్గర ఒక విల్లాలో గదులు పంచుకుని ఉండేవాళ్ళం. విల్లా అద్దె కాగితం మా నాన్న పేరు మీద ఉండటంతో మిగతావాళ్ళకు ఆయన మాటే శాసనం. వెనక గదిలో గోదావరి జిల్లా డ్రైవరు మామయ్య ఒక్కడే ఉండేవాడు. ఆయన ఎవరికి కారు నడిపేవాడో ఆ ఇంగ్లీషు దొర స్వదేశం వెళ్ళిపోతూ ఒక అట్టపెట్టె నిండా సినిమా క్యాసెట్లు ఇచ్చిపోయాడు. అప్పటి నుంచి సెలవురోజు శుక్రవారం వస్తే చాలు, ఆ గది తలుపు మూసుకునేది. లోపలి నుంచి ఒక్కడి నవ్వు వినిపించేది.

తలుపేసుకుని ఒంటరిగా నవ్వేవాణ్ణి ఎవరు నమ్ముతారు? అమ్మ నన్ను అటువైపు ఆడుకోనిచ్చేది కాదు. నాన్న ఒక క్యాసెట్ మీది పేరు చూసొచ్చి, దాన్ని ఆ దొర దేశపు పత్రికలే దుమ్మెత్తిపోశాయనీ, అభిరుచి ఉన్నవాడెవడూ అలాంటి చెత్త చూడడనీ చెప్పాడు. చెత్త అంటే బూతేనని అమ్మకు అనుమానం. బూతు క్యాసెట్ బయటపడితే అందరి వీసాలూ గోవిందా. గది ఖాళీ చెయ్యమని నాన్న కబురు పెట్టాడు.

మామయ్య వాదించలేదు. ఆ క్యాసెట్ తెచ్చి మా హాల్లోని వీసీఆర్‌లోనే పెట్టాడు. "చూశాక పొమ్మనండి, పోతానండి" అన్నాడు. నన్ను లోపలికి తోలేశారు. నేను తలుపు సందులోంచి చూశాను.

బూతు మచ్చుకైనా లేదు. రబ్బరు తొడుగులో ఒక రాక్షసుడు, వాడికి భయపడి ఒక హీరో. హీరో తలుపు వేసుకుంటే అట్టతో చేసిన కోటగోడ మొత్తం ఊగింది. సినిమా నిజంగానే చెత్త. పత్రిక మాట నిలిచినందుకు నాన్న మొహం వెలిగింది. మరి ఇందులో అంత నవ్వేముందని నిలదీశాడు.

"మా ఊరి నాటకంలో రాజు వేషం నాదేనండి. నేను సింహాసనం ఎక్కితే ఎనకాల గోడ ఇలాగే ఊగేదండి. అయినా డైలాగు ఆపేవోణ్ణి కాదండి. ఇక్కడికొచ్చాక నన్నెవరు రాజంటారండి?"

నాన్న టీవీ వైపు తిరిగి, "ఆ గోడ దగ్గరికి మళ్ళీ తిప్పవయ్యా" అన్నాడు. గది ఖాళీ చేసే మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది, పోలేదు. కాకపోతే ఆ రోజు నుంచి దాని మొహం మరోవైపు తిరిగింది. ఇప్పుడు దోహాలోనే అల్ సద్‌లో మా అమ్మాయి ఫోన్‌లో రేటింగు చుక్కలు చూసి ఒక సినిమాను ఛీ అంటే, ముందు ఆ చుక్కలు వేసినవాణ్ణే అనుమానిస్తాను. ఆ తర్వాత సినిమా పెట్టించి, ఎక్కడో ఒక గోడ ఊగకపోతుందా, ఎవరో ఒక రాజు గుర్తు రాకపోతాడా అని చూస్తూ కూర్చుంటాను.