పంపు గదిలో కాపురం

ఊరి కౌన్సిల్‌లో స్థలాలు కొలిచే ఉద్యోగం ఆమెది. ఇరవై రెండేళ్లలో ఆమె టేపు తగలని ప్రహరీగోడ లేదు. అందుకే అందరూ టేపమ్మ అనేవారు. ఆమెకో పద్ధతి ఉంది: సున్నా వైపు కొసను అవతలివాళ్ల చేతికే ఇస్తుంది. తామే పట్టుకున్న కొలతను వాళ్లు తర్వాత కాదనలేరు కదా.

ఊరి చివరి బయల్లో ఏటీవీలు అద్దెకిచ్చే మనిషి బండ్లాయన. లావు టైర్లతో గుట్టలెక్కి దిగే ఆ బండ్లలో ఒకటి, నిరుడు, లాండ్రీలో పనికి అడ్డదారిన పోతున్న టేపమ్మ అక్కను గుద్దింది. తుంటి విరిగింది. వాకర్ పట్టుకుని మంచం నుంచి వంటింటిదాకా రావడమే అక్కకిప్పుడు పెద్ద ప్రయాణం. ఆస్పత్రి వరండాలో బండ్లాయన, "బయల్లో నడిచేవాళ్లే చూసుకోవాలమ్మా. బండికి కళ్లుంటాయా?" అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. నవ్విన ముఖాల్లో ఒక్కటీ టేపమ్మ మరిచిపోలేదు.

ఆ తర్వాత కౌన్సిల్ ఏటీవీలకు నిబంధనలు రాయడానికి కూర్చుంది. ఏ కట్టడానికీ రెండు వందల మీటర్ల లోపు వాటిని నడపకూడదని ముసాయిదా. బండ్లాయన లేచాడు. తన ట్రాక్ దగ్గర కౌన్సిల్ వారి పాడుబడ్డ పంపు గది తప్ప ఏమీ లేదని, గబ్బిలాల నిద్ర కోసం వ్యాపారం మూసుకోవాలా అని అడిగాడు. సభ్యులు నవ్వుకుని, 'కట్టడం' కొట్టేసి 'మనుషులు కాపురముంటున్న ఇల్లు' అని రాశారు. మూడు నెలలు ఎడతెగకుండా ఉంటేనే కాపురమన్న షరతు కూడా ఆయనే చేర్పించాడు.

మర్నాడే టేపమ్మ పంపు గదిని అద్దెకిమ్మని అర్జీ పెట్టింది. నీకేమన్నా పిచ్చా అని గుమాస్తా అడిగితే, ఆఫీసుకు దగ్గరని చెప్పింది. అది ఆఫీసుకు నాలుగు మైళ్లు.

మంచం, స్టవ్వు, రెండు బిందెలతో దిగింది. సంగతి తెలిసిన బండ్లాయన సెలవు రోజుల్లో బండ్లన్నిటినీ ఆ గది చుట్టూ తిప్పించాడు. గిన్నెల్లో ఇసుక, చెవుల్లో మోత. నడిపేవాళ్లు గోడకు సీసాలు విసిరారు. ఆమె వాటిని ఏరి తలుపు పక్కన వరసగా పేర్చింది. అక్క ఫోన్‌లో తిడుతూనే ఉంది.

తొంభై రెండో రోజున ఫిర్యాదు ఇచ్చింది. తన ఇల్లు తాను కొలవకూడదని కౌన్సిల్ ఇంజనీరును పిలిపించింది. సున్నా కొసను మాత్రం తానే తీసుకెళ్లి బండ్లాయన చేతిలో పెట్టి, "గట్టిగా పట్టుకోండి. జారితే మళ్లీ మొదటికొస్తుంది" అంది.

ఆయన ట్రాక్ అంచున వంగి పట్టుకున్నాడు. ఇంజనీరు మళ్లీ మళ్లీ టేపు పరుస్తూ, ప్రతిసారీ ఆయన్నే ముందుకు పిలుస్తూ, గడపదాకా వచ్చి అంకె చదివాడు. నూట అరవై మూడు.

ట్రాక్ మూతపడింది. బండ్లాయన చొక్కాకంటిన మట్టి దులుపుకుంటూ, "ఎన్నాళ్లుంటావులే ఈ రేకుల కింద" అన్నాడు.

"మీ బండ్లకు కళ్లొచ్చేదాకా."

బండ్లకు టార్పాలిన్ కప్పి ఆయన కాచుకుని కూర్చున్నాడు. ఆమె ఖాళీ చేసిన రోజున మళ్లీ తెరవొచ్చు. వారానికోసారి అటుగా వచ్చి, తలుపుకు తాళం పడిందేమోనని చూసి పోతాడు. ఆయన కనిపించినప్పుడల్లా ఆమె స్టవ్వు బయటికి తెచ్చి, నింపాదిగా వెలిగిస్తుంది.

ఒక ఆదివారం అక్క ఆటోలో వచ్చి, దిగకుండానే, "ఇంటికొచ్చెయ్యవే. తుంటి విరిగింది నాది. నాకే కోపం పోయింది" అంది.

"నాకు పోలేదక్కా."

అక్క ఆటోను తిప్పమంది. మండే ఎండలు వస్తున్నాయని టేపమ్మ ఆ వారమే మనిషిని పెట్టి రేకులకు సున్నం వేయించింది.