దీపం చుట్టూ వలయం, కడుపులో మంట

ఆ రోజు తెల్లవారుజామున రుద్రారం స్టాపులో నా బస్సు కోసం నిలబడ్డ మనుషులను వదిలేసి ముందుకు పోయాను. కావాలని కాదు. వాళ్ళు నాకు కనబడలేదు.

నేను కాజీపల్లిలోని ఒక మందుల కంపెనీకి షిఫ్ట్ బస్సు నడుపుతాను. సంగారెడ్డిలో బండి తీసి, దారిలో ఒక్కో స్టాపులో వర్కర్లను ఎక్కించుకుని, ఫస్ట్ షిఫ్ట్ మొదలయ్యేలోగా గేటు ముందు దించాలి. చలికాలంలో ఆ వేళకు ఇంకా చిమ్మచీకటే. అందుకని మా దగ్గర ఒక పద్ధతి ఉంది. బస్సు దూరంగా వస్తుండగానే స్టాపులో ఉన్నవాళ్ళు సెల్‌ఫోన్ లైటు వేసి ఊపుతారు. లైటు ఊగితే మనవాళ్ళు ఉన్నట్టు, బండి ఆపాలి. ఆ రోజూ ఊపారట. నాకు మాత్రం అవతలి రోడ్డు మీది లారీ లైట్లు, పెట్రోలు బంకు లైట్లు, ఆ ఫోను లైట్లు అన్నీ పెద్ద పెద్ద వలయాలై ఒకదాని మీద ఒకటి పడ్డట్టు కనబడ్డాయి. ఎవరిదో బైకు అనుకుని పోనిచ్చాను.

"ఓ మల్లన్నా, ఆపు ఆపు! మనోళ్ళు ఉరికొస్తున్నరు!" అని వెనక నుంచి అరిచారు. బ్రేకు వేశాను. ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసే అనసూయ ఆయాసపడుతూ ఎక్కి, "ఏందన్నా, కొత్త కండ్లు పెట్టిచ్చుకున్నంక మేము ఆనుతలేమా?" అంది. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ, తర్వాతి స్టాపు వచ్చేదాకా స్పీడు పెంచలేదు.

ఆ కొత్త కళ్ళ సంగతి ముందు చెప్పాలి. దానికి కొన్నాళ్ళ ముందే నా రెండు కళ్ళకూ ఒకదాని తర్వాత ఒకటి క్యాటరాక్ట్ ఆపరేషన్ అయింది. దాదాపు అప్పుడే మా షడ్డకుడు యాదగిరికి కూడా అయింది. షడ్డకుడంటే నా భార్య భాగ్యమ్మ చెల్లెలి మొగుడు. అతనూ మా కంపెనీ బస్సే నడుపుతాడు, పొద్దెక్కాక బయల్దేరే జనరల్ షిఫ్ట్ బస్సు. ఇద్దరికీ ఒకటే ఆసుపత్రి, ఒకరే డాక్టరమ్మ. లెన్సులు మాత్రం వేరు. నేను దూరానికీ దగ్గరకీ అద్దాలు అక్కర్లేని మల్టీఫోకల్ లెన్స్ కావాలన్నాను. యాదగిరి దూరానికి మాత్రమే పనిచేసే మామూలు మోనోఫోకల్ వేయించుకున్నాడు.

లెన్స్ ఖాయం చేసేముందు డాక్టరమ్మ నన్ను, "రాత్రిపూట డ్రైవింగ్ ఉంటుందా?" అని అడిగింది. "లేదు మేడం, నాది మార్నింగ్ డ్యూటీ" అన్నాను. అబద్ధం చెప్పాననుకోకండి. షిఫ్టుల్లో బతికేవాళ్ళకు రాత్రి డ్యూటీ అంటే థర్డ్ షిఫ్టే. అలారం మోగి, లేచి నీళ్ళు పోసుకున్నామంటే మాకు తెల్లారినట్టే, బయట ఇంకా చుక్కలున్నా సరే.

కట్టు విప్పిన రోజు ఇంటి గోడలు అంత తెల్లగా ఉన్నాయని అప్పుడే తెలిసింది. పేపర్లో చిన్న అక్షరాలు కూడా అద్దాలు లేకుండా చదివాను. పటాన్‌చెరులో మా అత్తగారింటికి వెళ్ళినప్పుడైతే యాదగిరి వినేలా కొంచెం గట్టిగానే చదివాను. అతను చాయ్ గ్లాసు పట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు.

రుద్రారం సంగతి జరిగిన వారంలోనే మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాను. చుక్కలు వేశారు, చీకటి గదిలో కూర్చోబెట్టారు, మిషన్‌కు గడ్డం ఆనించమన్నారు. డాక్టరమ్మ అంతా చూసి, "ఆపరేషన్ బాగుంది. పగటి చూపు ఫుల్‌గా ఉంది. కానీ చీకట్లో మీ ప్యూపిల్, అంటే కంటిపాప, బాగా పెద్దదవుతోంది. ఈ లెన్స్‌లో రింగులుంటాయి. లైటు వాటి మీద పడి విడిపోతుంది. మీరు చెప్పే వలయాలను హాలోస్ అంటాం. చాలామందికి కొన్ని నెలల్లో అలవాటవుతుంది" అంది. తర్వాత, "అయినా మీది మార్నింగ్ డ్యూటీ కదా?" అంది. నేను సంగారెడ్డిలో బండి తీసే టైము చెప్పాను. ఆమె రాస్తున్న పెన్ను బల్ల మీద పెట్టేసింది. "మల్లయ్యగారూ, అది డాక్టర్ లెక్కలో నైట్ డ్రైవింగే. చీకట్లో మీరు బస్సు తీయొద్దు" అంది.

వెళ్ళి మా ట్రాన్స్‌పోర్ట్ సూపర్‌వైజర్‌కు ఉన్నదున్నట్టు చెప్పాను. అతను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఫికర్ జెయ్యకు మల్లన్నా. కండ్లు మంచిగున్నోడు మీ ఇంట్లనే ఉన్నడు గద!" అని నా ఫస్ట్ షిఫ్ట్ యాదగిరికిచ్చి, అతని జనరల్ షిఫ్ట్ నాకిచ్చాడు.

ఆ బస్సును ఎన్నో ఏళ్ళుగా మల్లన్న బస్సు అనేవారు. బోనాలకు మొదటి ప్రసాదం డ్రైవర్ సీటు దగ్గరికే వచ్చేది. దసరా నాడు బండికి పసుపు కుంకుమలు పెట్టి, దండ వేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ నా చేతికిచ్చేవారు. ఆ ఏడు అది యాదగిరి చేతికిచ్చారు. నేను నా జనరల్ షిఫ్ట్ బస్సు పక్కన నిలబడి చూశాను. కాయ ఒక్క దెబ్బకే పగిలింది. పగలకపోతే బాగుండునని నేను మొక్కుకున్న మాట నిజం.

మావాళ్ళింట్లో విందులో అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. "యాదగిరీ, నీకు లైట్ల సుట్టూ ఏమన్న ఆనుతదా?"

అతని భార్య అక్కడే వడ్డిస్తోంది. "నాకేం లేదన్నా. పట్టపగల లెక్క ఉంటది" అన్నాడు.

పెరుగన్నం కలపకుండానే విస్తరి మడిచేశాను. ఒకే డాక్టరమ్మ చెయ్యి, ఒకే బల్ల. నాకెందుకు వలయాలు, వాడికెందుకు పట్టపగలు? భాగ్యమ్మ నా మొహం చూసి, ఇంటికొచ్చాక, "మా చెల్లె పెనిమిటి మీద కండ్లల్ల నిప్పులు పోసుకుంటవేందయ్యా? అసలే ఆపరేషన్ కండ్లు" అంది. నవ్వించాలని అన్నది గానీ నాకు నవ్వు రాలేదు.

తర్వాత నేను చేసినవన్నీ ఆ కుళ్ళుతో చేసినవే. పటాన్‌చెరులో రోడ్డు పక్కన అమ్మే పసుపు అద్దాలు కొన్నాను, చీకట్లో డ్రైవింగ్‌కు బాగా పనిచేస్తాయని ఎవరో అంటే. అవి పెట్టుకుని ఇంటి ముందు వీధిలోకి వెళితే, వలయాలు పోలేదు సరికదా, పసుపుపచ్చని వలయాలయ్యాయి. డాక్టరమ్మ వాటిని చూసి, "చీకట్లో ఉన్న కాస్త వెలుతురును కూడా ఇవి తినేస్తాయి, తీసెయ్యండి" అంది.

ఇంకొన్ని నెలలకు పగలు కూడా మసకగా కనబడడం మొదలైంది. పరేషాన్ అయిపోయి పరుగెత్తాను. లెన్స్ వెనకాల పొర మసకబారిందట. పోస్టీరియర్ క్యాప్సూల్ అన్నారు. యాగ్ లేజర్ కొడితే పోతుందన్నారు. నొప్పి లేదు, కూర్చున్నచోటే కొన్ని నిమిషాల్లో అయిపోయింది. పగటి చూపు మళ్ళీ కడిగినట్టయింది. నా బస్సు నాకు తిరిగొస్తుందని సంబరపడ్డాను. ఆ సాయంత్రం చీకటి పడగానే డాబా ఎక్కి రోడ్డు వైపు చూశాను. వలయాలు కొంచెం పలచబడ్డాయి గానీ పోలేదు. లెన్సే మార్చేయొచ్చు కదా అని అడిగితే, "ఇప్పుడు మారిస్తే రిస్క్ ఎక్కువ. పగలు ఇంత బాగా కనబడుతోంది, దాన్ని కాపాడుకోండి" అంది డాక్టరమ్మ.

ఒక రోజు నా బస్సు రిపేరుకని పటాన్‌చెరు షెడ్డులో ఉంటే, దాన్ని తెచ్చుకోవడానికి యాదగిరి బస్సులోనే బయల్దేరాను. డ్రైవర్ పక్కన ఇంజన్ మీది సీటులో కూర్చున్నాను. ఇంకా తెల్లారలేదు. కంది ఊరు దాటాక గమనించాను. యాదగిరి స్టీరింగ్ మీదికి వంగిపోయి, ముందున్న లారీ వెనక లైట్లను పట్టుకుని నడుపుతున్నాడు. స్టాపు దగ్గర పడగానే, "ఎవలన్న ఉన్నరా అక్కా?" అని అనసూయను అడుగుతున్నాడు. ఆమె, "ఉన్నరు, ఆపు" అంటే ఆపుతున్నాడు. అలా వంగడం నాకు తెలుసు. నేనూ అలాగే నడిపాను.

సూపర్‌వైజర్‌కు ఒక్క మాట చెబితే ఆ బస్సు అతని చేతిలోంచి పోతుంది. నాకు సంతోషం వేసింది, అదీ చెప్పేస్తాను. కానీ వెంటనే భయం వేసింది. వెనక బస్సు నిండా మనుషులున్నారు. చెబితే ఎవరు నమ్ముతారు? ఇంటికొచ్చి భాగ్యమ్మతో అంటే, "నువ్వు పోయి చెప్తే, కుళ్ళుతోని షడ్డకుని నౌకరి తీపిచ్చిండంటరు. ముందుగాల ఆయిననే అడుగు" అంది.

మర్నాడు గేటు ముందు చాయ్ బండి దగ్గర పట్టుకున్నాను. "తమ్మీ, నీకు ఆనుతలేదు. నేను నీ పక్కనే కూసున్న."

యాదగిరి గ్లాసు కింద పెట్టి, "లైట్లు గుంజినట్టు అయితయన్నా. మనిషి ఎక్కడున్నడో అందాజ దొరుకుతలేదు" అన్నాడు.

"మరి పట్టపగల లెక్క ఉంటదంటివి?"

"నువ్వు నా పెండ్లాం ముంగట అడిగితివి! నువ్వేమో అద్దాలు లేకుంట పేపరు సదువుతుంటివి. డాక్టరమ్మ నాకు అద్దాలు రాసిచ్చింది. అవి పెట్టుకుంటే నీ ముంగట తక్కువైతనని డబ్బాల్నే పెట్టిన."

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. నేను అతని మామూలు లెన్స్ మీద ఏడుస్తుంటే, అతను నా ఖరీదైన లెన్స్ మీద ఏడుస్తున్నాడు. మా ఇద్దరి ఏడుపు మధ్య ఆ బస్సు రోజూ హైవే మీద తిరిగింది.

ఆ రోజే లీవు పెట్టించి నేనే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అతనికి హాలోస్ లేవు. కంటి వంపు సమంగా లేక లైట్లు సాగినట్టు చూపించే సిలిండర్ పవర్ మిగిలిపోయిందట. పవర్ మళ్ళీ చూసి, "ఈ అద్దాలు పెట్టుకుని నడపండి. చీకట్లో కూడా పర్వాలేదు. పెట్టుకోకుండా బండి ముట్టుకోవద్దు" అంది డాక్టరమ్మ. వాడిది అద్దాలతో పోయే బాధ, నాది పోని బాధ. లేచి నిలబడి, నా కళ్ళు కూడా ఇంకోసారి చూడమన్నాను. చూసి, అదే మాట చెప్పింది. వాడికి బస్సును నా చేతులతో నేనే ఖాయం చేసి ఇంటికొచ్చాను.

తర్వాత కొన్నాళ్ళకు మళ్ళీ అతని బస్సెక్కాను. ఈసారి పనేమీ లేదు, ఏదైనా తప్పు దొరుకుతుందేమోనని ఎక్కాను. యాదగిరి అద్దాలు పెట్టుకుని, వెన్ను నిటారుగా పెట్టి నడుపుతున్నాడు. హైవే దిగి కాజీపల్లి దారి పట్టాక మెల్లగా బ్రేకు వేశాడు. ఎందుకు ఆపావని అడగబోయాను. లైటు లేని సైకిలు మీద పాల క్యాన్లు వేలాడదీసుకుని ఒక ముసలాయన బస్సు ముందు నుంచే రోడ్డు దాటాడు. నా కళ్ళు తెరిచే ఉన్నాయి, రోడ్డు మీదే ఉన్నాయి. ఎదురుగా వస్తున్న టిప్పర్ లైట్ల వలయంలో ఆయన నాకు కనబడనే లేదు. స్టీరింగ్ నా చేతిలో ఉంటే ఆ బ్రేకు పడేది కాదు.

ఇప్పుడు నేను జనరల్ షిఫ్ట్ బస్సే నడుపుతున్నాను. చలికాలం సాయంత్రాలు జల్దీ చీకటి పడితే, తిరుగు ట్రిప్పుకు వేరే డ్రైవర్‌ను అడిగి స్టీరింగ్ అతనికిస్తాను, సిగ్గుపడను. పగలు ఆకు మీది ఈనె కూడా కనబడుతుంది. యాదగిరిని చూస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది. అద్దాలు మరిచిపోయాడేమోనని రోజూ పొద్దున ఫోన్ చేసేదీ నేనే.

ఆపరేషన్‌కు వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. డాక్టర్‌కు మీ డ్యూటీ పేరు చెప్పి ఊరుకోకండి. ఎన్నింటికి బయల్దేరతారో, అప్పటికి బయట ఎంత చీకటో చెప్పండి. ఆపరేషన్ అయ్యాక చీకట్లో ఏది తేడాగా ఉన్నా మళ్ళీ డాక్టర్‌నే అడగండి. పక్కవాణ్ణి మాత్రం అడగొద్దు. వాడు మీకు నిజం చెప్పడు, మీరూ వాడికి చెప్పరు.