గండికోటలో మూడో పిలుపు

మా చిన్నతనంలో, అంటే మా కడప పల్లెలకు కరెంటు దీపమంటే ఏమిటో తెలియని ఆ యాభైల్లో, దయ్యాలకు కూడా ఒక పద్ధతి ఉండేది. మనిషిని రెండుసార్లు పిలిచేవి. పలికితే తీసుకుపోయేవి, పలక్కపోతే విసుగొచ్చి వెళ్లిపోయేవి. మూడోసారి పిలిచే ఓపిక వాటికి లేదని మా జేజి, అంటే నాయనమ్మ, చెప్పేది. బి.ఏ. చదివినదాన్ని గనక ఇప్పుడు నవ్వుతాను. తొమ్మిదేళ్లప్పుడు మాత్రం ఎక్కాలకన్నా ఈ లెక్కే నాకు బాగా వచ్చు.

ఆ ఏడు మా తమ్ముడు మశూచితో పోయాడు. రెండేళ్లవాడు. బుజ్జోడు అని పిలిచేవాళ్లం. నాలుగు నెలలైనా అమ్మ సరిగా తినలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. బడిపంతులైన మా చిన్నాయన ఒక ఉపాయం చెప్పాడు. "వదినను గండికోటకు పిల్చుకపోదాంలే అన్నా. నాలుగు దిక్కులు చూస్తే మనసు తేలికైతాది." (దిగులుపడ్డ మనిషికి కూలిన కోట చూపించాలని పంతుళ్లకే తోస్తుంది.) జొన్నరొట్టెలు మూటగట్టుకుని ఎద్దులబండెక్కాం. దారి పొడుగునా జేజి నాకు పాఠం చెప్పింది.

"పాడుబడిన చోటు మే అది. ఎవురు పిల్చినా మూడుసార్లు పిల్చేదాంక పలకొద్దు. మీ అమ్మ గొంతుతోనే పిలుస్తాది."

"నిజంగా అమ్మే పిలిస్తే?"

"అమ్మైతే మూడోసారి పిలవదా యేంది?"

కోటలో చిన్నాయన రాజుల సంగతులు మొదలుపెట్టాడు. అమ్మ వినలేదు, లోయకేసి చూస్తూ కూర్చుంది. నేను పావురాల ఈకలు ఏరుకుంటూ ఒక కూలిన రాతిగదిలోకి దూరాను. కాసేపటికి పిలుపు వినిపించింది.

"పాపా!"

నోరు తెరిచి, జేజి గుర్తొచ్చి మూసుకున్నాను.

"పాపా, యాడుండావే?"

రెండు. మూడోదానికి వేలు సిద్ధంగా పెట్టుకున్నాను. రాలేదు. అయితే అమ్మ కాదన్నమాట! తర్వాత నాయన రెండుసార్లు, చిన్నాయన ఒక్కసారి పిలిచారు. ఎవరి లెక్క వారిదే, కలపకూడదు గదా. లోయ అవతలి గోడ ప్రతి పిలుపునూ తిప్పి పంపుతోంది. దాన్ని లెక్కలో వేయాలో వద్దో జేజి చెప్పలేదు. చివరికి జేజి కూడా పిలిచింది, రెండేసార్లు. పాపం, ఈమెను కూడా దయ్యం పట్టుకుంది అనుకున్నాను. (కంగారుపడ్డ మనుషులు ఒకచోట నిలబడి మూడుసార్లు పిలవరని, రెండుసార్లు పిలిచి ఇంకో దిక్కుకు పరిగెత్తుతారని నాకేం తెలుసు?)

రాళ్ల సందులోంచి చూశాను. అమ్మ లోయ అంచుకు పోయింది. ఎక్కడో అడుగున పెన్న. చెప్పులు వదిలేసి, వంగి చూసింది. అప్పుడు పిలిచింది.

"బుజ్జోడా!"

అది నా పేరు కాదు. నా లెక్కలో చేరదు. అయినా పరిగెత్తాను. వెనకనుంచి అమ్మ కొంగు పట్టుకుని, "రెండుసార్లే పిలిస్తివి గదమ్మా!" అన్నాను ఏడుస్తూ.

నేనెందుకు పలకలేదో తెలిసి చిన్నాయన రాతిమీద కూలబడి కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. నాయన చెయ్యెత్తితే జేజి అడ్డమొచ్చింది. "చెప్పిన మాట ఇనింది నా మనమరాలు. దాన్ని కొడతావేమప్పా?" అమ్మ మాత్రం నవ్వలేదు, తిట్టలేదు. సాయంత్రం ఇల్లు చేరేదాకా నా మణికట్టు వదల్లేదు.

ఆ తర్వాత మా ఇంట్లో ఏ శుభకార్యమైనా చిన్నాయన ఈ కథ చెప్పాల్సిందే, "రెండుసార్లే పిలిస్తివి" అన్న మాట నేను అనాల్సిందే. సరిగ్గా అక్కడికొచ్చేసరికి అమ్మ లేచి వంటింట్లోకి పోయేది. అమ్మకు హాస్యం తెలియదని కాలేజీ రోజుల్లో నా స్నేహితురాళ్ల ముందు సిగ్గుపడేదాన్ని.

ఇప్పుడు, ఈ డెబ్భైల్లో, నాకు మూడేళ్ల కొడుకు. వాడు తలుపు వెనక కాసేపు చప్పుడు చేయకుండా ఉంటే చాలు, రెండుసార్లు పిలిచి ఇంకో గదిలోకి పరిగెత్తుతాను. మొన్న వాడి పుట్టినరోజుకు అందరూ చేరారు. చిన్నాయన కథ అందుకున్నాడు, కోట ఎక్కించాడు, అమ్మను లోయ అంచుకు తెచ్చాడు. నా మాట కోసం అందరూ నావైపు తిరిగారు. పొయ్యిమీద పాలున్నాయని లేచాను. (లేవు.)

వంటింట్లో అమ్మ అప్పటికే ఉంది. కాస్త పక్కకు జరిగి, చిక్కుడుకాయల చేట నా ముందుకు తోసింది.